గ్రహాంతరవాసుల చెరలో నలుగురు: ఇలాంటి కథ రాయడం ఎలా?

ఖైదీలు, వాళ్ళను పట్టి ఉంచిన గ్రహాంతరవాసులు, వెళ్తే తిరిగొస్తారో రారో తెలియని పని. సైన్స్ ఫిక్షన్‌లో బాగా నలిగిన దారి ఇది. నలిగిన దారి కదా అని కొత్తగా రాసేవాళ్ళు ధైర్యంగా దిగుతారు, మూడో పేజీ దగ్గర ఇరుక్కుంటారు. నేనూ ఇరుక్కున్నాను. నా మొదటి ప్రయత్నంలో నాలుగు పేజీలు అంతరిక్ష నౌక వర్ణనే. చదివిన స్నేహితుడు ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "వీళ్ళు ఎందుకు వెళ్తున్నారు? వెళ్ళం అని కూర్చుంటే ఏమవుతుంది?" నా దగ్గర జవాబు లేదు. కాగితాలు పక్కన పడేశాను.

అందుకే ఇక్కడ ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను. పది పదిహేను పేజీల కథకు సరిపడా దశలు చెబుతాను, వెంట ఒక నమూనా కథ కూడా నడుపుతాను. నమూనా ఇది: కోర్టు వాయిదా అయ్యాక రాత్రిపూట రాజమండ్రి సెంట్రల్ జైలుకు తిరిగొస్తున్న ఎస్కార్ట్ వ్యాన్ హైవే పక్కన ఆగి ఉండగా మాయమవుతుంది. డ్రైవరూ ఒక కానిస్టేబులూ టీకి దిగారు కాబట్టి బతికిపోయారు. లోపల మిగిలింది నలుగురు. బోరు బండి మీద పనిచేసిన బాబ్జీ, చిట్టీల డబ్బు ఎత్తేసిన వరప్రసాద్, గంజాయి కేసులో దొరికిన పంతొమ్మిదేళ్ళ చిన్నా, వీళ్ళకు కాపలాగా ఉన్న ఏఆర్ (సాయుధ రిజర్వు) కానిస్టేబుల్ సత్యనారాయణ.

1. ముందు బేరం తేల్చండి

గ్రహాంతరవాసులకు ఎన్ని కళ్ళో తర్వాత ఆలోచించవచ్చు. ముందు ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాయండి. పని చేస్తే ఏమిస్తామన్నారు? చేయకపోతే ఏం చేస్తామన్నారు? పని అయ్యాక నిజంగా ఏం చేస్తారు? మూడోది రాస్తున్న మీకు మాత్రమే తెలియాలి. ఖైదీలు దాన్ని ఊహించాలి, తప్పుగానో ఒప్పుగానో. కథలో టెన్షన్ అంతా మొదటి వాక్యానికీ మూడో వాక్యానికీ మధ్య ఉన్న సందులోంచి వస్తుంది.

ఈ సందు ఎంత లోతుగా ఉంటుందో చరిత్రలో చూడండి. 1942లో నాజీలు జర్మనీలోని సాక్సెన్‌హౌజెన్ శిబిరంలో బెర్న్‌హార్డ్ క్రూగర్ అనే అధికారి కింద ఒక రహస్య విభాగం పెట్టారు. సుమారు 140 మంది యూదు ఖైదీలు, వాళ్ళలో ముద్రణ పనివాళ్ళు, చిత్రకారులు, బ్యాంకు ఉద్యోగులు. పని, బ్రిటిష్ పౌండ్లకు దొంగనోట్లు చేయడం. మిగతా శిబిరంలో జనం ఆకలితో చస్తుంటే వీళ్ళకు మంచాలు, సిగరెట్లు, ఆడుకోవడానికి టేబుల్ టెన్నిస్ బల్ల. పని బాగా చేస్తే బతుకుతారు. కానీ పని పూర్తయిన రోజున ఈ రహస్యం తెలిసిన ఒక్కరినీ బతకనివ్వరని వాళ్ళందరికీ తెలుసు. అంటే చేయకపోతే చావు, చేసేస్తే చావు. ఇక మిగిలింది ఒక్కటే, చేస్తూ ఉండటం. తర్వాత డాలర్లు కూడా చేయమన్నప్పుడు అబ్రహాం జేకబ్సన్ అనే ఖైదీ ముద్రణకు వాడే జెలటిన్‌ను కావాలనే సరిగ్గా కుదరనివ్వకుండా నెలల తరబడి సాగదీశాడని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. 1945 మేలో విడుదలయ్యారు.

ఒక్క బేరంలోంచి ఎంత కథ పుట్టిందో గమనించారా? తుపాకీ పేలలేదు, ఛేజింగ్ లేదు. ఒక పదార్థం కుదరడం లేదు, అంతే.

2. పేరు మార్చండి

ఇది చిన్న దశే కానీ వదలకండి. 1945లో యుద్ధం ముగిశాక డెన్మార్క్ పశ్చిమ తీరంలో ఇసుక కింద పది లక్షలకు పైగా మందుపాతరలు ఉండిపోయాయి. వాటిని తీయడానికి ఓడిపోయిన జర్మన్ సైనికులనే దింపారు, సుమారు రెండు వేల మందిని. చాలామంది చనిపోయారు, కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నారు. యుద్ధఖైదీలతో ప్రమాదకరమైన పని చేయించకూడదని 1929 జెనీవా ఒప్పందంలో ఉంది. మరి ఎలా చేయించారు? వాళ్ళను యుద్ధఖైదీలు అనడం మానేసి లొంగిపోయిన శత్రు సిబ్బంది అన్నారు. పేరు మారింది, నియమం వర్తించకుండా పోయింది.

మీ గ్రహాంతరవాసులు కూడా ఖైదీలను ఖైదీలు అనకూడదు. "అతిథులు", "సహాయకులు" అనొచ్చు. నా కథలో "సిబ్బంది" అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు వరప్రసాద్ ఒక్కడే నవ్వుతాడు. తన దగ్గర చిట్టీ కట్టినవాళ్ళను అతను "మన కుటుంబ సభ్యులు" అనేవాడు మరి.

డెన్మార్క్ నుంచి ఇంకొకటి తీసుకోండి. ఒక పొలం శుభ్రమైందని చెప్పాక, ఆ ఖైదీల చేతనే దాని మీద వరుసగా అడుగులో అడుగు వేయించి నడిపించేవారు. తమ పని ఎంత బాగా చేశారో తమ కాళ్ళతోనే రుజువు చేయాలి. ఇలాంటి పరీక్ష ఒకటి మీ కథలో మధ్యలో పెట్టండి, చివర్లో కాదు.

3. మనుషులే ఎందుకు?

అన్ని కోట్ల కిలోమీటర్లు దాటి వచ్చినవాళ్ళ దగ్గర ఒక రోబో ఉండదా అని పాఠకుడు మొదటి పేజీలోనే అడుగుతాడు. దీనికి నాలుగైదు జవాబులు ఉన్నాయి. యంత్రం అక్కడ పనిచేయదు. యంత్రం ఖరీదు ఎక్కువ, మనిషి ఖరీదు తక్కువ. మనిషికి తెలిసిన పని వాళ్ళకు తెలియదు. మనిషి అక్కడికి వెళ్తే ఎవరూ అనుమానించరు. ఇవి చాలు, ఒకటి ఎంచుకోండి. రెండు కలిపితే ఇంకా మంచిది.

యంత్రం పనిచేయకపోవడానికి చెర్నోబిల్ కంటే గట్టి ఉదాహరణ దొరకదు. 1986లో పేలిన రియాక్టర్ పక్క కప్పు మీద పడ్డ గ్రాఫైట్ ముక్కలను తోయడానికి రోబోలను దింపితే రేడియేషన్‌కు అవి మొరాయించాయి. చివరికి మనుషులను పంపారు, మూడు వేల మందికి పైగా. ఒక్కొక్కరికీ కప్పు మీద ఇచ్చిన సమయం నిమిషమో రెండు నిమిషాలో. పరుగెత్తు, రెండు పారల చెత్త కిందికి తోయి, వెనక్కి రా. వాళ్ళను బయో-రోబోలు అనేవారు. వాళ్ళు ఖైదీలు కారు, సైన్యం పిలిపించిన మనుషులు. అయినా ఆ రెండు నిమిషాల లెక్క కథకు బంగారం. మీ పనికి కూడా ఇలాంటి గడువు ఒకటి ఉంటే దృశ్యం దానంతట అదే బిగుసుకుంటుంది.

నా నమూనాలో జవాబు బాబ్జీ. ఎందుకో తర్వాతి దశలో తెలుస్తుంది.

4. చోటు ఎంచుకోండి, పగ్గం దొరుకుతుంది

మెడలో పేలే పట్టీ, తలలో చిప్, చేతికి టైమర్. వీటిని దయచేసి వదిలేయండి. ఎవరి కథలోనైనా ఇవే. ఖైదీని కట్టి ఉంచే పగ్గం ఆ చోటులోంచే పుట్టాలి. అండమాన్‌లో బ్రిటిష్ వాళ్ళకు సముద్రమే గోడ అయింది.

నేను శని గ్రహపు ఉపగ్రహం టైటాన్‌ను ఎంచుకున్నాను. దాని గురించి తెలిసింది బోలెడు ఉంది. 2005 జనవరి 14న హైగెన్స్ అనే పరికరం అక్కడ దిగి ఫొటోలు పంపింది. ఉష్ణోగ్రత మైనస్ 179 డిగ్రీలు. గాలి ఎక్కువగా నైట్రోజన్, కొంత మీథేన్. గాలి ఒత్తిడి భూమి మీద కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆకాశం నారింజ రంగు మబ్బుతో మూసుకుపోయి ఉంటుంది. మీథేన్ వానలు కురుస్తాయి, మీథేన్ చెరువులు ఉంటాయి. బరువు ఇక్కడి దాంట్లో ఏడో వంతు. ఒక పగలూ ఒక రాత్రీ కలిపి దాదాపు మన పదహారు రోజులు.

ఇప్పుడు పగ్గం చూడండి. గాలి ఒత్తిడి ఉంది కాబట్టి చంద్రుడి మీద లాగా ఉబ్బిన సూట్లు అక్కర్లేదు. పీల్చడానికి ఆక్సిజన్ మాస్క్, ఒంటికి వేడి ఉంటే చాలు, మనిషి నడవగలడు. అంటే వేడి ఎవరి చేతిలో ఉంటే ఖైదీ వాళ్ళ చేతిలో. గోడలు లేవు, సంకెళ్ళు లేవు. తలుపు తెరిచే ఉంటుంది, పొమ్మంటారు. సూట్‌లో హీటరు స్థావరానికి ఇంత దూరం దాటితే ఆగిపోతుంది. వ్యాన్‌లోంచి దిగిన చిన్నా మొదట చేసేది పరుగెత్తడం. వంద అడుగులు. తర్వాత తనే వెనక్కి వస్తాడు, కాళ్ళకు స్పర్శ లేకుండా. ఆ ఒక్క దృశ్యంతో నియమాలన్నీ పాఠకుడికి అర్థమవుతాయి, ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

పని కూడా ఇక్కడే దొరికింది. టైటాన్ మీద నీరు రాయిలా గడ్డకట్టి ఉంటుంది. వాళ్ళ స్థావరానికి లోతుల్లోంచి వేడి తెచ్చే గొట్టం ఈ మంచులో పూడుకుపోయింది. వాళ్ళ యంత్రాలకు మంచును కరిగించుకుంటూ దిగడమే తెలుసు. కరిగిన నీరు పైన మళ్ళీ గడ్డకట్టి యంత్రాన్నే మింగేస్తోంది. కరిగించకుండా కొట్టి పొడి చేసి, ఆ పొడిని గాలితో పైకి ఊదేసే పద్ధతి వాళ్ళకు తట్టలేదు. మన ఊళ్ళలో బోరు బండి చేసేది అదే. తమిళనాడులోని తిరుచెంగోడు బోరు బండ్ల మీద పదేళ్ళు పనిచేసిన బాబ్జీకి హ్యామర్ చప్పుడు వింటే బిట్టు (రాయిని కొట్టే మొన) రాయిలో ఉందో, పగులులో పడిందో తెలుస్తుంది. రాడ్లు ఇరుక్కుపోయే ముందు శబ్దం మారుతుంది, అది చెవికి తెలియాలి. టైటాన్ మీద గాలి చిక్కగా ఉంది కాబట్టి చప్పుడు వినిపిస్తుంది కూడా. చంద్రుడి మీద అయితే ఈ కథ నడవదు.

ఇలా ఒక వృత్తిని తెచ్చి పెట్టడం వల్ల ఇంకో లాభం. మీకు రాకెట్ల గురించి తెలియకపోయినా ఫర్వాలేదు. మీ ఇంటి పక్కన బోరు వేసినప్పుడు రాత్రంతా నిద్రపోకుండా చూసింది రాయండి. వచ్చే పొడి రంగు మారగానే అందరూ ఎలా ముందుకు వంగుతారో, ఇంటాయన మొహం ఎలా ఉంటుందో.

5. వాళ్ళు తెలుగు ఎలా మాట్లాడతారు?

ఇంగ్లీషులో రాసేవాళ్ళకు అనువాద యంత్రం పెట్టి దాటేయడం అలవాటు. మనం దాటకూడదు, ఎందుకంటే ఇక్కడే మనకు వాళ్ళకు లేని సౌకర్యం ఉంది.

రేడియోలో మీడియం వేవ్ చాలా వరకు భూమి పై వాతావరణ పొరలకు తగిలి వెనక్కి వస్తుంది. టీవీ, ఎఫ్ఎం తరంగాలు మాత్రం దాటి వెళ్తాయి. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. టైటాన్‌కు సంకేతం సగటున గంటా ఇరవై నిమిషాల్లో చేరుతుంది. రాత్రి ఏడింటి వార్తలు ఎనిమిదిన్నర లోపే అక్కడ ఉంటాయన్నమాట. అంత బలహీనమైన తరంగాన్ని పట్టే యాంటెన్నా వాళ్ళ దగ్గర ఉందనుకుందాం. అప్పుడు వాళ్ళ తెలుగు వార్తల తెలుగు అవుతుంది. చిన్నా పరుగెత్తి వెనక్కి వచ్చాక స్పీకర్‌లోంచి వినిపించే మాట ఇలా ఉంటుంది: "ఒకరికి స్వల్ప గాయాలు. పూర్తి వివరాలు అందాల్సి ఉంది." కోపం లేదు, బెదిరింపు లేదు. నాకైతే దీనికంటే భయపెట్టే విలన్ దొరకలేదు.

ఇక సర్వనామాలు. గ్రహాంతరవాసిని మొదట ఖైదీలు "అది" అంటారు. తర్వాత "వాడు". ఒకరోజు వరప్రసాద్ అలవాటు కొద్దీ "ఆయన" అంటాడు, మిగతా ముగ్గురూ అతని వైపు చూస్తారు. ఎవరు ఎటు జారుతున్నారో చెప్పడానికి ఒక్క పదం చాలింది.

అన్నిటికంటే గట్టి పనిముట్టు "మనం", "మేము". వినేవాళ్ళను కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట, హిందీలోనూ అంతే. నిర్బంధంలో ఉన్నవాళ్ళ కథకు ఇంతకంటే ఏం కావాలి? నేను డ్రాఫ్ట్ ఇలా నడిపాను. స్థావరంలో మొదటి రోజు "మీరు ఎంతమంది?" అని స్పీకర్ అడుగుతుంది. సత్యనారాయణ లేచి నిలబడి, "నేనొక్కణ్ణే. వీళ్ళు ముగ్గురూ నా కస్టడీలో ఉన్నారు" అంటాడు. వాళ్ళకు ఖాకీకీ మామూలు చొక్కాకీ తేడా తెలియదు. నాలుగు సూట్లు వస్తాయి. పని మొదలయ్యాక మూడో రాత్రి మళ్ళీ అదే ప్రశ్న వస్తుంది. ఈసారి అతను కూర్చునే, "నలుగురం" అంటాడు.

ఇటు ఇలా ఉంటే అటు గ్రహాంతరవాసి మాట కూడా మారుతుంది. ముందు "మీరు గొట్టం తెరవాలి" అనేది, పని సగం అయ్యేసరికి "మనం గొట్టం తెరుస్తున్నాం" అంటుంది. ఇది స్నేహమా, ఎత్తా? చెప్పకండి. బాబ్జీకి మాత్రం ఆ మాట బావుంటుంది. జీవితంలో ఏ యజమానీ అతనితో మనం అనలేదు.

మనుషుల మధ్య పిలుపులు కూడా ముందే రాసి పెట్టుకోండి. నా పట్టిక: కానిస్టేబుల్ ముగ్గురినీ మొదట "రేయ్" అంటాడు, వరప్రసాద్‌ను తప్ప. అతను చిట్టీలు ఎత్తేసినా "ప్రసాద్ గారే". చిన్నా అందరినీ "అన్నా" అంటాడు, కానిస్టేబుల్‌ను "సార్". బాబ్జీ ఎవరినీ ఏమీ పిలవడు, పని చెబుతాడంతే. ఎప్పుడు ఏ పిలుపు మారుతుందో పక్కన దృశ్యం నంబరు వేసుకోండి. కథలో ఎవరైనా "మేం మారిపోయాం" అని చెప్పాల్సిన అవసరం రాదు.

6. ఎదురుతిరగడం

తిరుగుబాటు దృశ్యం రాయాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది. ఆగండి. ఖైదీల దగ్గర ఉన్న ఆయుధం వాళ్ళకు యజమాని ఇచ్చినదే అయి ఉండాలి. బయటి నుంచి వచ్చిన ఆయుధం పాఠకుడికి మోసంలా అనిపిస్తుంది.

టైటాన్‌లో దీనికి చక్కటి వీలుంది. అక్కడ గాలిలో మీథేన్ ఉన్నా మంట అంటుకోదు, ఎందుకంటే ఆక్సిజన్ లేదు. ఆ చోట ఆక్సిజన్ ఉన్నది నలుగురు ఖైదీల మాస్కుల్లోనే. మాస్క్ కారుతున్న దగ్గర హీటరు తీగ తెగి రవ్వ వస్తే, అక్కడ గాలే అంటుకుంటుంది. మనకు గ్యాస్ లీకైతే ఎలాగో, అక్కడ ఊపిరి లీకైతే అలాగ. చిన్నా సూట్ దగ్గర చిటికెడు నీలి మంట ఒకటి క్షణంపాటు కనిపించి ఆరిపోతుంది. ఎవరూ మాట్లాడరు. కానీ ఆ రాత్రి నలుగురూ తమ మాస్కుల వైపు కొత్తగా చూస్తారు. వాళ్ళను బతికిస్తున్నదే, కట్టి పడేసినదే, ఇప్పుడు వాళ్ళ చేతిలో అగ్గిపుల్ల.

దాన్ని వాడాలా? వాడితే స్థావరం పోతుంది, వేడీ పోతుంది. జేకబ్సన్ జెలటిన్ గుర్తుంది కదా. నేను బాబ్జీ చేత రాడ్లు ఇరికించాను. ఏ చప్పుడు వస్తే ఆపాలో అతనికి తెలుసు, ఆపలేదు. గ్రహాంతరవాసులకు అది ప్రమాదమో కుట్రో తేల్చుకోవడానికి దారి లేదు, ఎందుకంటే ఆ చెవి వాళ్ళకు లేదు. పని ఆగుతుంది, రోజులు వస్తాయి. పేలుడు ఉంటుందేమో అని పాఠకుడు ఎదురుచూస్తూ ఉంటాడు. ఉండనివ్వండి.

ఒక పరీక్ష: మీ గ్రహాంతరవాసుల స్థానంలో వడ్డీ వ్యాపారినో భూస్వామినో పెట్టి చూడండి. కథ ఒక్క అక్షరం మారకుండా నడిస్తే మీకు గ్రహాంతరవాసులు అక్కర్లేదు, మంచి పల్లెటూరి కథ రాసుకోండి. వాళ్ళకు మనిషిలో ఏదో ఒకటి అర్థం కాకూడదు, దాని మీదే కథ మలుపు తిరగాలి.

7. ముగింపు: ఎవరు ఎవరిని అప్పగించారు?

అండమాన్ చరిత్రలో దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ఉన్నాడు. 1857 తిరుగుబాటు సిపాయి. 1858లో బ్రిటిష్ వాళ్ళు అక్కడ శిక్షా స్థావరం పెట్టి ఖైదీలతో అడవులు నరికించారు. పారిపోయి పట్టుబడ్డవాళ్ళలో ఎనభై మందికి పైగా ఒకే రోజు ఉరి తీశారు. తివారీ కొందరితో కలిసి పారిపోయాడు. ద్వీపవాసుల బాణాలకు తోటివాళ్ళు చనిపోయారు, గాయపడ్డ అతన్ని మాత్రం వాళ్ళు దగ్గరకు తీసుకున్నారు. ఏడాదిపాటు వాళ్ళలో ఒకడిగా బతికాడు, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. 1859 మేలో వాళ్ళు స్థావరం మీద దాడికి బయల్దేరారని తెలిసి ముందుగా వచ్చి బ్రిటిష్ వాళ్ళకు చెప్పాడు. దాడి విఫలమైంది, బాణాలు తుపాకుల ముందు నిలవలేదు. తివారీకి క్షమాభిక్ష దొరికింది, ఇంటికి వెళ్ళాడు.

ఇందులో గ్రహాంతరవాసులు ఎవరు? ద్వీపవాసుల కళ్ళకు సముద్రంలోంచి వచ్చిన వాళ్ళందరూ, ఖైదీలతో సహా. తివారీ "మనం" అన్నది ఎవరిని? అతనికే తెలిసి ఉండదేమో. మీ కథలోనూ ఒకడికి ఇలాంటి అవకాశం రావాలి. నా దాంట్లో అది వరప్రసాద్‌కు వస్తుంది. రాడ్లు కావాలనే ఇరికించారని చెబితే అతనొక్కణ్ణీ భూమికి పంపిస్తామంటారు. అతను చెబుతాడా లేదా అన్నది నేను రెండు విధాలుగా రాసి చూశాను. చెప్పినట్టు రాసిందే బాగా వచ్చింది. మీకు ఇంకోలా రావచ్చు. రెండూ రాసి చూడకుండా మాత్రం తేల్చుకోకండి.

తిరిగి రావడం కూడా ముగింపు కాదు. అల్లూరి సీతారామరాజు నడిపిన రంప పితూరీలో (తిరుగుబాటులో) పట్టుబడి అండమాన్‌కు వెళ్ళిన గాం మల్లుదొర తిరిగొచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఖైదు తర్వాతా బతుకు నడుస్తుంది, దానికీ లెక్కలు, కాగితాలు ఉంటాయి. ఇక్కడే నాకు చివరి దృశ్యం దొరికింది.

8. తిరగరాయడం

మొదటి డ్రాఫ్ట్ ఆపకుండా రాయండి, వారం పక్కన పెట్టండి. తర్వాత ఎర్ర పెన్నుతో "అకస్మాత్తుగా", "వింతగా", "భయంకరంగా" కొట్టేయండి. నా డ్రాఫ్ట్‌లో "వింత" పదిహేడు చోట్ల దొరికింది. గ్రహాంతరవాసుల వర్ణన ఎక్కడైనా మూడు వాక్యాలు దాటితే ఒకటికి తగ్గించండి. సంభాషణలు పైకి చదవండి. ఎవరు మాట్లాడుతున్నారో పేరు చూడకుండా తెలియకపోతే అది ఇంకా సంభాషణ కాలేదు. సైన్స్ వివరాలు ఎవరి చేతికో, ఒంటికో తగిలేలా ఉన్నాయా చూడండి. మైనస్ 179 అని చెప్పడం కంటే చిన్నా వంద అడుగులే ఎక్కువ చెబుతాయి.

చివరి పేజీ మాత్రం మొదటి డ్రాఫ్ట్ లోదే ఉంచాను. సత్యనారాయణ, చిన్నా ఇద్దరే హైవే పక్కన వ్యాన్‌లో తేలతారు. టీ కొట్టు దగ్గర గ్లాసు ఇంకా వేడిగానే ఉంది. డ్యూటీ కాగితం మీద ముగ్గురు ఖైదీలని రాసి ఉంది, పక్కన ఒకడే కూర్చున్నాడు. ఇద్దరు ఖైదీలు పోతే సస్పెన్షన్ ఖాయం. జైలు గేటు దగ్గర వార్డర్ లెక్క అడుగుతాడు. సత్యనారాయణ జేబులో పెన్ను వెతుక్కుంటూ, "మేం ఎంతమంది వెళ్ళామో ముందు అది రాసుకో" అంటాడు.